వియ్యాలవారి మీద పదిహేడు గోల్స్

సారీ-బెల్,
మే నెల

వియ్యపురాలు బురుల్చా గారికి,

మీరూ మీవారూ, అల్లుడు ఎర్మెక్, మా అమ్మాయి చీనార్, మీ గొర్రెలూ గుర్రాలూ అందరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ మా ఆవూ బాగానే ఉన్నాం.

ఈ ఉత్తరం నిన్ననే రాయాల్సింది. కాగితం ముందు పెట్టుకుని కూర్చోగానే మా ఆవిడ తుర్సునాయ్ వచ్చింది. "ఏమని రాస్తావయ్యా? మగపెళ్లివారి ఊరి మీద పదిహేడు గోల్స్ కొట్టాను, మన్నించండి అనా? పెళ్లయి ఏడాది కాలేదు. పిల్ల అక్కడ తలెత్తుకు తిరగాలా వద్దా?" అని కలం లాక్కుపోయింది. ఇవాళ ఆవిడ సంతకి వెళ్ళింది కనుక రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మీ ఊరికంతా ఉన్న ఒక్క ఫోనూ పంచాయతీ ఆఫీసులో ఉంది. మనం మాట్లాడుకునేది మీ ఊరి పెద్ద ముందు వింటాడు, మీరు తరవాత వింటారు.

నా తప్పు లేదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ నా తప్పు లేదు.

మీరు శిక్షకురాలిగా కొత్త కనుక లెక్క చెబుతాను. జిల్లాలో మొదట నిలిచిన బడి జట్టు శరత్కాలంలో రాజధాని బిష్కెక్ వెళ్ళి ఆడుతుంది. మాకూ జిల్లా కేంద్రం జట్టుకీ గెలుపులు సమానంగా నడుస్తున్నాయి. చివరిదాకా ఇలాగే ఉంటే, కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేసి ఎవరికి ఎక్కువ మిగిలితే వాళ్ళని పంపుతారు. వాళ్ళు ఏప్రిల్‌లో మీ పిల్లల మీద పద్నాలుగు కొట్టారు. నేను వియ్యపురాలి మొహం చూసి ఆరు దగ్గర ఆగితే నా పిల్లల గతి ఏమిటి? నాకు వచ్చే ఏడు పింఛను. ఇన్నేళ్ళ వ్యాయామం మాస్టారి ఉద్యోగంలో ఒక్క జట్టునైనా బిష్కెక్ తీసుకెళ్ళలేదు. మా పిల్లల్లో సగంమంది రైలు చూడలేదు.

అయినా పది దాటాక "చాలు, ఇక కొట్టకండి, బంతి మీలో మీరే ఆడుకోండి" అని చెప్పాను. అది మర్యాద అనుకున్నాను. ఆపైన ఏడూ వాటంతట అవే పడ్డాయి.

జుమాష్ వ్యానులో ఒక సంచీడు ఎండు ఆప్రికాట్లు పంపుతున్నాను. కనుమ దాటేలోపు వాడు సగం తినకుండా ఉంటే మీ జట్టు పిల్లలకి పంచండి. చీనార్‌ని ఒక ముక్క రాయమనండి. ఆట అయిపోయాక నా దగ్గరికి రాకుండా వ్యాను ఎక్కేసింది.

మీ వియ్యంకుడు,
మెదెర్‌బెక్


తాల్దీ-బులాక్,
మే నెల

సారీ-బెల్ పాఠశాల జట్టు శిక్షకులు, గౌరవనీయులైన మెదెర్‌బెక్ గారికి,

ఆప్రికాట్లు అందాయి. పిల్లలకి పంచాను. లెక్కపెట్టి పంచలేదు. ఈ మధ్య వాళ్ళకి లెక్కలంటే భయం.

మీరు వియ్యపురాలికి రాశారు. ఫుట్‌బాల్ సంగతి వచ్చినప్పుడు నేను శిక్షకురాలిని. భూగోళం పాఠాలు చెప్పుకునేదాన్ని, నిజమే. మా వ్యాయామం మాస్టారు రష్యాకి కూలికి పోతే ఈల వచ్చి నా మెడలో పడింది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మర్యాద అంటే తెలుసు.

పది దాటాక మీవాళ్ళు బంతిని తమలో తాము తిప్పుకున్నారు. మావాళ్ళు దాని వెంట ఇటూ అటూ పరిగెత్తారు. మీ ఊరి జనం నవ్వారు. గోల్స్ పడుతున్నంతసేపూ ఎవరూ నవ్వలేదు, గమనించారా? గోల్ కొడితే పిల్లలు ఓడిపోయామనుకుంటారు. బంతి దక్కనివ్వకుండా తిప్పితే మేము ఆటకే పనికిరామనుకుంటారు. కొట్టదలుచుకుంటే కొట్టాల్సింది. ఆపదలుచుకుంటే మీ సంబరం ఆపాల్సింది. పదిహేడోది పడగానే మీరు గెంతి, గీత దగ్గర జెండా పట్టుకున్న ముసలాయన్ని కౌగిలించుకున్నారు. చీనార్ నా పక్కనే ఉంది. మా పిల్లాడొకడు "అక్కా, ఆయన మీ నాన్నేనా?" అంటే "కాదు, ఎవరో" అంది.

గోల్ కాసే మా గోలీ బెక్తుర్ ప్రతి గోల్ తరవాతా వలలోంచి బంతి తీసి రెండు చేతులతో, గోల్స్ కొడుతున్న మీ తిలెక్‌కి అందించాడు. ఎవరికైనా ఏదైనా ఒంటి చేత్తో ఇవ్వకూడదని వాళ్ళమ్మ నేర్పింది. ఆ పిల్లాడు ఇప్పుడు బడికి వెనక గోడ దూకి వస్తున్నాడు. ముందు నుంచి వస్తే పదో తరగతి వాళ్ళు పదిహేడు వేళ్ళు లెక్కపెట్టి చూపిస్తున్నారట.

ఆడటానికి ఇప్పుడు ఏడుగురే వస్తున్నారు. సెప్టెంబరులో మీరు మా ఊరు వచ్చి ఆడాలి. ఆ రోజు పదకొండుమందిని నిలబెట్టలేకపోతే మా జట్టు పేరు కొట్టేస్తారు. మైదానంలో బంగాళదుంపలు వేద్దామని మా ఊరి పెద్ద ఇప్పటికే రెండుసార్లు వచ్చి మట్టి నలిపి చూసి వెళ్ళాడు. మీకు బిష్కెక్ కావాలి. నాకు ఇంకో నలుగురు పిల్లలు కావాలి.

చీనార్ ఆరోగ్యంగా ఉంది. రాయమని చెప్పాను. "ఎవరికి?" అంది.

బురుల్చా,
శిక్షకురాలు


సారీ-బెల్,
జూన్ నెల

వదినగారికి,

మీ ఉత్తరం మా ఆవిడ చదివింది. అప్పటినుంచి నాకు టీలో పాలు పోయడం లేదు. కనుక ముందుగా: గెంతినందుకు మన్నించండి. ఆ జెండా ముసలాయన కూడా నన్ను మన్నించాడు, నడుం ఇప్పుడు నయమట.

బాగా ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. ఆడపిల్లవారి తరఫున మేము మీకు వేసవి సారె పంపాల్సి ఉంది కదా. ఈ వారం జుమాష్ వ్యానులో వస్తుంది: ఉన్ని అదిమి చేసిన పెద్ద నమదా తివాచీ ఒకటి, మీవారికి బూట్లు, మీకు తలకి కట్టుకునే పట్టుగుడ్డ, చీనార్‌కి వాళ్ళమ్మ కుట్టిన పరుపు. వీటితోపాటు సెప్టెంబరులో మూడు గోల్స్.

వ్యానులో రావు, మ్యాచ్‌లో ఇస్తాను. మా గోలీతో మాట్లాడాను. ఎటు దూకకూడదో వాడికి ముందే చెప్పి పెడతాను. మీ పిల్లలు సంబరపడతారు, ఆ నలుగురూ తిరిగొస్తారు, ఊరి పెద్ద దుంపలు మానుకుంటాడు. మగపెళ్లివారికి మూడు తక్కువనుకుంటే నాలుగు. అంతకు మించి నా వల్ల కాదు, జిల్లా కేంద్రం వాళ్ళు మొన్న ఎవరి మీదో పన్నెండు కొట్టారు.

ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

మీ మెదెర్‌బెక్


తాల్దీ-బులాక్,
జూన్ నెల

బావగారికి,

తివాచీ బాగుంది. బూట్లు మావారికి సరిపోయాయి. పట్టుగుడ్డ కట్టుకునే రాస్తున్నాను. గోల్స్ మాత్రం తిప్పి పంపుతున్నాను. సారెలో పెట్టి పంపేవి కావు అవి.

కోపంతో రాయడం లేదు. మీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది, తరవాత నవ్వొచ్చింది, తరవాత చీనార్‌కి చదివి వినిపిస్తే అది నవ్వలేక గోడ పట్టుకుంది. "అత్తమ్మా, మా నాన్న అంతే. ఎవరైనా అలిగితే ఇంట్లో ఉన్నది తీసి ఇచ్చేస్తాడు. చిన్నప్పుడు నేను అలిగితే పక్కింటివాళ్ళ కుక్కపిల్లని తెచ్చిచ్చాడు" అంది. మీ గురించి అది మళ్ళీ "నాన్న" అనే మాట వాడింది. అంతవరకు మీ మూడు గోల్స్‌కి ఫలితం దక్కింది.

కానీ బావగారూ, మీ గోలీ కావాలని వదిలేస్తే మావాళ్ళకి తెలియదనుకున్నారా? గొర్రెపిల్ల ముఖం చూసి అది ఎవరి మందదో చెప్పే పిల్లలు వీళ్ళు.

మగపెళ్లివారిగా ఒకటి అడుగుతాను. బడి మూసేశారు. పిల్లలంతా మందలతో పైన వేసవి మేతకి వెళ్ళిపోయారు. మావారి గుడారం కూడా అక్కడే. నేను బడికి సున్నాలూ రంగులూ వేయించుకుంటూ ఊళ్ళో ఉండాలి. మీరు జూలైలో ఒక వారం వెళ్ళి ఉండండి. ఎలాగూ వియ్యంకుడి గుడారానికి మీరు రావాల్సిందే, పోయినేడు రాలేదని మావారు అంటూనే ఉన్నారు. ఉన్న వారం రోజులూ మా పిల్లలకి ఆట నేర్పండి. మాకు గోల్స్ ఇవ్వకండి. మీ పిల్లల్ని ఆపడం ఎలాగో చూపించండి.

కాదంటే మీ ఇష్టం. చీనార్‌తో మాత్రం మీరే చెప్పుకోండి.

బురుల్చా


మీవారి గుడారం నుంచి,
జూలై నెల

వదినగారికి,

వచ్చి తొమ్మిది రోజులైంది. వారమే అన్నారు కానీ మీవారు నా గుర్రానికి జీను కట్టనివ్వడం లేదు. పొద్దున కళ్ళు తెరవగానే ఒక గిన్నెడు పులిసి మత్తెక్కే గుర్రప్పాలు, మధ్యాహ్నం మళ్ళీ, సాయంత్రం "పొద్దున సరిగ్గా తాగలేదు బావా" అని మళ్ళీ. నిటారుగా నిలబడి నేర్పిన రోజు ఒక్కటి కూడా లేదు.

మీ పిల్లల సంగతి రాస్తాను, బాధపడకండి. ఇక్కడ చదునైన నేల లేదు. బంతి జారితే లోయలోకి పోతుంది, తెచ్చేసరికి ఒక పూట అవుతుంది. అందుకే వీళ్ళకి బంతి కనపడితే చాలు, పోతుందేమోనని పదిమందీ దాని మీద పడతారు. మే నెలలో మా ఊళ్ళో చేసిందీ ఇదే. వీళ్ళకి చేతకాక కాదు, కంగారు.

మొదటి నాలుగు రోజులూ నా గొంతు పోయింది, ఒక్కడూ వినలేదు. ఐదోరోజు సాయంత్రం గొర్రెల్ని దొడ్లోకి తోలుతుంటే చూశాను. ఒక్కడూ మందలోకి దూరడు. ఇద్దరు అటు అంచు, ఇద్దరు ఇటు అంచు పట్టుకుంటారు, ఒకడు వెనక నిలుస్తాడు. అరుపు లేదు, కంగారు లేదు. అక్కడే వాళ్ళని ఆపి, "ఒరే, మా తిలెక్ గొర్రె అనుకోండి" అన్నాను. బెక్తుర్ తల గోక్కుని, "ముందే చెప్పొచ్చు కదా మాస్టారూ" అన్నాడు.

అప్పటినుంచి నాకు రెండు మాటలే పని. "అంచు" అని అరిస్తే అందరూ విడిపోయి పక్కలు కాస్తారు. "సందు" అని అరిస్తే, ఎదుటివాళ్ళ మధ్య ఖాళీ పడిందన్నమాట, బంతి ఉన్నవాడు దూరిపోతాడు. ఎసెన్ అని ఒక చిన్నవాడున్నాడే, చెవులు పెద్దవి, వాడు సందులో దూరడం చూడాలి మీరు. మూడుసార్లు నా కాళ్ళ మధ్య నుంచే పోయాడు. నిన్న కొండ అవతలి గుడారాల పిల్లలు కూడా దిగి వచ్చారు. బెక్తుర్ ఇప్పుడు బంతి పట్టుకుంటే ఎవరికీ అందించడం లేదు. పొట్టకి హత్తుకుని పడుకుంటున్నాడు, బతిమాలినా ఇవ్వడు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. నేను ఆపడమే నేర్పుతున్నాను. కొట్టడం నేర్పను. నాకు బిష్కెక్ ఉంది. "సందు" అనేది కొంచెం కొట్టడం కిందికి వస్తుంది, అది పిల్లలు అడిగారు కనుక కాదనలేకపోయాను.

మీవారు గిన్నెతో వస్తున్నారు. ఆపేస్తున్నాను.

మెదెర్‌బెక్


తాల్దీ-బులాక్,
సెప్టెంబరు

బావగారికి,

మందలు దిగాయి. పిల్లలు దిగారు. నిన్న ఈల వేస్తే పద్నాలుగుమంది వచ్చారు. ఊరి పెద్ద మైదానం గట్టున నిలబడి చూశాడు, వంగి మట్టి ముట్టుకోలేదు. మీరు ఏం చేశారో నాకు తెలియదు కానీ, పిల్లలు నన్ను "మేడమ్, మీకు అంచు తెలుసా?" అని అడుగుతున్నారు. తెలుసని చెప్పి ఇంటికొచ్చి మీ ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను.

జిల్లా కేంద్రం వాళ్ళ ఆటలు అయిపోయాయి. నేనూ లెక్క చూశాను. మీరు మా మీద తొమ్మిది తేడాతో గెలిస్తే బిష్కెక్ మీది, ఎనిమిదైతే వాళ్ళది. కొట్టండి. కొట్టగలిగితే. మావాళ్ళు ఏడవరు. మధ్యలో బంతి తిప్పుతూ నవ్వించకండి, అంతే చాలు.

కనుమ మీద మంచు పడేలా ఉంది, ఒకరోజు ముందే రండి. అంతమందికి ఒకచోట పరుపులు లేవు కనుక మీ పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఒక్కో ఇంటికి పంచాను, మా జట్టు పిల్లల ఇళ్ళకే. తిలెక్ బెక్తుర్ ఇంట్లో. మీ గోలీ ఎసెన్ ఇంట్లో. తిండికి లోటు రానివ్వరు, మా ఊరి సంగతి మీకు తెలుసు.

చీనార్ మీకోసం మీగడ దాచింది.

బురుల్చా


సారీ-బెల్,
అక్టోబరు

తాల్దీ-బులాక్ పాఠశాల జట్టు శిక్షకురాలు, గౌరవనీయురాలైన బురుల్చా గారికి,

జిల్లా కేంద్రం జట్టు నిన్న బిష్కెక్ బయల్దేరింది. మా బడి ముందు నుంచే వెళ్ళింది వాళ్ళ బస్సు. పాటలు పాడుతూ వెళ్ళారు.

తొమ్మిది-ఒకటి. నాకు ఈ అంకెలు నిద్రలో కూడా వినపడుతున్నాయి.

మీరు నా జట్టుకి అన్నం పెట్టి చంపారు. కాదంటారా? రాత్రి ఎవరి ఇంట్లో తిన్నాడో, ఎవరి పక్కన దుప్పటి పంచుకున్నాడో, పొద్దున వాడి మీదికే పంపాల్సి వచ్చింది నా పిల్లల్ని. మొదటి సగంలో రెండే గోల్స్. తిలెక్ అందర్నీ దాటి గోల్ ముందుకి పోయాడు, ఎదురుగా బెక్తుర్ ఒక్కడే. ఆగాడు. "ఎటు కొట్టమంటావురా?" అని అడిగాడు. "నీ ఇష్టం" అన్నాడు వాడు. వీడు ఆకాశంలోకి కొట్టాడు. ఇంకొకడు మీవాణ్ణి కింద పడేసి, లేపి, దుమ్ము దులిపి, బంతి వాడికే ఇచ్చి వచ్చాడు.

సరే, అక్కడితో అయిపోతే కుట్ర అని తేలిగ్గా చెప్పేవాణ్ణి. విరామంలో మీ ఊరి తల్లులు మైదానంలోకి వచ్చేశారు. మా పిల్లల చెవులు పట్టుకున్నారు. "ఏరా, రాత్రి పెట్టింది చాలలేదా? ఇలా కాళ్ళీడుస్తూ తిరిగితే ఊళ్ళో మమ్మల్నేమంటారు? అతిథికి కడుపునిండా పెట్టలేదంటారు. మా పరువు తీస్తారా? పరిగెత్తండి." బెక్తుర్ తల్లి అయితే గీత పక్కన నిలబడి, "తిలెక్, నాయనా, కుడివైపు కొట్టు, మావాడు కుడికి దూకలేడు" అని కన్నకొడుకు గుట్టు బయటపెట్టింది. బెక్తుర్ వెనక్కి తిరిగి "అమ్మా" అన్నాడు. ఆ లోపల తిలెక్ కుడివైపు కొట్టాడు. ఇన్నేళ్ళుగా ఆటలు ఆడిస్తున్నాను, ఎదుటి ఊరి ఆడవాళ్ళు నా జట్టుకి చప్పట్లు కొట్టడం ఎక్కడా చూడలేదు.

అలా తొమ్మిది అయ్యాయి. తరవాత ఒకటి పోయింది. గాలి ఎదురొచ్చింది. పిల్లలకీ అదే చెప్పాను, గాలి వల్ల అని.

రిఫరీ తన నివేదికలో నా గురించి ఏదో రాశాడట. నేను ఏ జట్టు శిక్షకుణ్ణో స్పష్టంగా తెలియజేయమని పోటీల కమిటీ నుంచి కాగితం వచ్చింది. దాని గురించి నేనేమీ చెప్పదలుచుకోలేదు.

మీ మేకబొచ్చు శాలువా ఒకటి పొరపాటున నా సంచిలో వచ్చింది. జుమాష్ చేత తిప్పి పంపుతున్నాను.

మెదెర్‌బెక్


తాల్దీ-బులాక్,
అక్టోబరు

బావగారికి,

గాలి లేదు. ఆ రోజు ఇళ్ళ మీద పొగ నిటారుగా లేచింది. ఆకు కదల్లేదు. మీకు గుర్తు లేదంటే నేను గుర్తు చేస్తాను, కూర్చుని చదవండి.

ముందు నా వంతు. పిల్లల్ని ఇళ్ళకి పంచింది మీ కాళ్ళు కట్టేయడానికి కాదు. కొంచెం అందుకే. మిగతాది నిజంగానే పరుపులు లేక. మా తల్లులు ఇలా తిరగబడతారని నాకు మాత్రం తెలుసా? బెక్తుర్ వాళ్ళమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు కుడివైపు దూకడం నేర్పమని నా దగ్గరికి వచ్చాడు.

ఇక మీ వంతు. తొమ్మిది-సున్నా. ఆట దాదాపు అయిపోయింది. మీ బిష్కెక్ మీ జేబులో ఉంది. మీరు గెంతలేదు, నవ్వలేదు, నేను చూస్తూనే ఉన్నాను. మావాళ్ళు తలలు వేలాడేయలేదు. తొమ్మిదోది పడ్డాక కూడా అంచులు పట్టుకునే నిలబడ్డారు. మీరు మీ పిల్లల్ని చూడటం మానేసి మా పిల్లల్నే చూస్తున్నారు, ఆ సంగతి మీకు తెలుసో లేదో.

అప్పుడు బంతి ఎసెన్ కాళ్ళ దగ్గరికి వచ్చింది. వాడు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు. మీరు గీత దాటి లోపలికి వచ్చేసి, కొండల్లో అరిచినట్టు అరిచారు. "సందు, ఎసెన్, సందు." వేసవిలో రోజూ విన్న గొంతు. అది ఏ జట్టు మాస్టారి గొంతని వాడు ఆలోచించలేదు, దూరాడు. మీవాళ్ళిద్దరి మధ్య నుంచి, మీ గోలీ చేతుల కింద నుంచి. గోల్.

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. మా ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు మరి. మొదట కదిలింది మీరు. టోపీ పడిపోయింది, ఆగలేదు. రిఫరీ ఈల ఊదుతున్నాడు, ఆగలేదు. మంచి కబురు మొదట చెప్పినవాడికి ఒంటిమీద ఉన్నదైనా తీసి ఇవ్వాలి కదా, ఆ సుయున్చు కోసం ఎసెన్ తాత కూడా కర్ర పారేసి నావైపు బయల్దేరాడు. ఆ ముసలాయన్ని కూడా దాటేసి మైదానానికి అడ్డంగా పరిగెత్తుకొచ్చి, రొప్పుతూ, నా ముందు చెయ్యి చాపారు. "సుయున్చు, వదినగారూ, సుయున్చు. మనవాళ్ళు గోల్ కొట్టారు" అన్నారు. నేను శాలువా తీసి ఇచ్చాను. మీరే భుజాన వేసుకున్నారు. వేసుకున్నాక మీ ముఖం మారింది. అప్పుడు గుర్తొచ్చింది మీకు లెక్క.

నాకు ఏడుపొచ్చింది బావగారూ. గోల్‌కి కాదు. మీ ముఖం చూసి.

కనుక శాలువా పొరపాటున మీ సంచిలోకి రాలేదు. అది సుయున్చు. ఇచ్చింది తిరిగి పుచ్చుకునే ఆచారం మీ ఊళ్ళో ఉందేమో, మా ఊళ్ళో లేదు. ఆ కబురు మీకు మంచిది కాకపోతే అంత దూరం పరిగెత్తి వచ్చేవారు కాదు. జుమాష్ చేతిలో మళ్ళీ పంపుతున్నాను. ఈసారి తిప్పి పంపితే నేనే తెచ్చి తుర్సునాయ్ చేతికి ఇచ్చి మొత్తం కథ చెబుతాను.

కమిటీకి ఏం రాస్తారో మీ ఇష్టం. మీ పిల్లలకి మాత్రం గాలి అని చెప్పకండి. బిష్కెక్ పోయింది వాళ్ళది. ఎందుకు పోయిందో వాళ్ళు తెలుసుకోవాలి.

బురుల్చా


సారీ-బెల్,
నవంబరు

వదినగారికి,

శాలువా అందింది. తుర్సునాయ్ అడగకముందే నేనే మొత్తం చెప్పేశాను. అంతా వింది. తరవాత టీలో పాలు పోసింది.

కమిటీకి సారీ-బెల్ జట్టు శిక్షకుణ్ణని రాశాను. అది నిజమే కదా. అడిగినదానికి మాత్రమే జవాబు రాశాను.

పిల్లలతో చెప్పడానికి వారం పట్టింది. రోజూ మైదానం దాకా వెళ్ళి, పరుగులు పెట్టించి, చెప్పకుండా ఇంటికొచ్చేవాణ్ణి. నిన్న మంచు కురిసి ఆట కుదరలేదు. అందర్నీ సామాను గదిలో కూర్చోబెట్టాను. "ఒరే, ఆ రోజు గాలి కాదు. మీరు తొమ్మిదీ కొట్టారు. ఆ ఒక్కటీ నా నోటివల్ల పోయింది. ఎదుటి జట్టుకి నేనే సందు చూపించాను. మీ బిష్కెక్ నేను పోగొట్టాను" అన్నాను. ఎవరి ముఖమూ చూడలేక వలలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

తిలెక్ లేచి వచ్చి వల రెండో కొస పట్టుకున్నాడు.

"మాకు తెలుసు మాస్టారూ" అన్నాడు. "మీరు అరిచింది మేమూ విన్నాం. సందు మాక్కూడా కనపడింది."

"కనపడితే అడ్డం వెళ్ళలేదేంరా? అక్కడే ఉన్నావు కదా నువ్వు?"

వాడు మిగతావాళ్ళ వైపు చూశాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. మా గోలీ అయితే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వెళ్దామనే అనుకున్నాం మాస్టారూ. కానీ వాడు ఎలా కొడతాడో చూద్దామని ఆగాం."

ఇలాంటి వాళ్ళని బిష్కెక్ తీసుకెళ్ళి నేనేం చెయ్యను వదినగారూ?

మీ మెదెర్‌బెక్